తాడు పట్టుకున్నవాడు

ఎర్రమెట్ట వేరుశనగ పరిశోధనా కేంద్రంలో దొంగ ఫలితాల మీద ఫిర్యాదు చేసినవాళ్ళు మర్నాటికల్లా బరువు కోల్పోయి గాలిలోకి లేవడం మామూలే కాబట్టి, ఆ పొద్దున సునంద కుర్చీలోంచి అలాగే పైకి తేలినప్పుడు అటెండరు చేసిన మొదటి పని ఫ్యాను ఆపడం.

రెండో పని స్టోర్సుకు వెళ్ళి తాడు తేవడం. ఫిర్యాదుదారులకు ఆసరాగా నిలవాలని సంస్థకు స్పష్టమైన విధానం ఉంది. నడుముకు తాడు కట్టాలి, కొస ఒక సహోద్యోగి పట్టుకోవాలి. డైరెక్టరు చక్రపాణి స్వయంగా వచ్చి, కాసేపు కొస పట్టుకుని ఫొటో దిగి, "సంస్థ మొత్తం మీ వెంట ఉందమ్మా" అని సీలింగు వైపు చూసి చెప్పి వెళ్ళాడు. ఆమె ఫిర్యాదు ఆయన మీదే. అందులో ఎవరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు.

వాన లేకపోయినా కాపు తగ్గదని ఆయన ప్రకటించిన కొత్త వేరుశనగ రకానికి ఆధారం తూర్పు మడి దిగుబడి. దిగుబడి లెక్క చూపిన ఏడాది ఆ మడిలో విత్తనమే వేయలేదు. సునంద రాసింది అంతే. ఖరీఫ్‌కు ఆ విత్తనం రైతులకు పంచబోతున్నారని తెలిసి, ఆగలేక రాసింది.

తాడు పట్టుకోవడానికి వంతులు వేశారు. మొదట్లో అందరూ ఉత్సాహంగానే వచ్చారు. తర్వాత ఒకాయనకు భుజం పట్టేసింది, ఇంకొకావిడకు ఆడిట్ అడ్డొచ్చింది, మిగతావాళ్ళు సెలవు పెట్టారు. చివరికి ఓబులేసు మిగిలాడు. అతనూ సునందా ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళు. తాడు ఎడమచేతికి చుట్టుకుని కుడిచేత్తో ఫైళ్ళు చూసుకునేవాడు. మధ్యాహ్నం మెల్లగా లాగి కిందికి దించి, ఆమెను కుర్చీకి కట్టి, తన క్యారియరులోని ఉగ్గాని పెట్టేవాడు. చేతిమీద కమిలిన గీతలు చూసి ఆమె నొచ్చుకునేది. "ఏమంత నొప్పి లేదులే, తిను" అనేవాడు.

తూర్పు మడి ఓబులేసు క్వార్టర్సుకు వెళ్ళే దారిలోనే ఉంది. ఆ ఏడాదంతా అక్కడ పల్లేరు తప్ప ఏమీ మొలవలేదని అతనికి తెలుసు. ఆ రకం మీద అచ్చయిన పరిశోధన పత్రం రాసినవాళ్ళలో నాలుగో పేరు తనదని కూడా తెలుసు.

రెండో మనిషి అదే మాట చెబితే మొదటి మనిషికి బరువు తిరిగొస్తుంది. పక్క జిల్లాలోని పరిశోధనా కేంద్రంలో ఒకసారి అలా జరిగిందట. అయితే ఆ రెండో మనిషి లేస్తాడు, మూడోవాడు నోరు విప్పేదాకా తేలుతూ ఉంటాడు.

విచారణ కమిటీ డైరెక్టరు గదిలోనే కూర్చుంది. సునంద ట్యూబ్‌లైటు పక్కన ఉంది, కొస ఓబులేసు చేతిలో ఉంది.

"తూర్పు మడిలో పంట ఉండేదా?" అని అడిగాడు అధ్యక్షుడు. ఓబులేసు నోరు తెరవబోయేసరికి మర్యాదగా ఆపాడు. "చెప్పే ముందు తాడు ఇంకెవరికైనా ఇవ్వండి. మీరూ లేస్తే ఇద్దరికీ ప్రమాదం."

ఓబులేసు చుట్టూ చూశాడు. వచ్చిన సహోద్యోగుల్లో కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. కొందరు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"నేను గూడా లేస్తే ఆయమ్మను పట్టుకునేదెవురు సార్?" అన్నాడు. తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, "ఆ పక్క నేను సరిగ్గా సూడలేదు సార్" అన్నాడు.

అతని మానవత్వాన్ని కమిటీ ప్రత్యేకంగా మెచ్చుకుంది. రెండో సాక్షి లేనందువల్ల ఫిర్యాదును ముగించింది.

వరండాలోకి వచ్చాక సునంద పైనుంచి అడిగింది. "కాలికి పల్లేరుకాయలు గుచ్చుకున్నాయని నువ్వే గదా నాకు చెప్పింది?"

"అంతా నీకోసరమే సునందా. తాడు వదిల్తే నువ్వేమైతావు?"

"తాడు పట్టుకోమని నిన్ను నేను అడగలా ఓబులేసూ. చూసింది చెప్పమన్నా."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదని ఓబులేసుకు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆమె నడుము దగ్గర ముడి విప్పుకుంటోందని అతను గమనించేసరికి తాడు వదులై మీద పడింది. ఎగిరి అందుకోబోతే ఒక చెప్పు మాత్రం చేతికొచ్చింది. ఆమె నీళ్ళ ట్యాంకు దాటి, ఎండలోకి, కంటికి ఆననంత పైకి వెళ్ళిపోయింది. అనుమతి లేకుండా హెడ్ క్వార్టర్సు విడిచినందుకు సాయంత్రానికి మెమో తయారైంది. దాన్ని ఎలా అందజేయాలన్నది పరిశీలనలో ఉంది.

విత్తనం పంచారు. వాన మొహం చాటేసింది. చెట్లు పచ్చగానే ఉన్నాయి, పీకి చూస్తే మట్టిలోకి దిగిన ఊడలు తప్ప వాటి కొసన కాయ లేదు. కొందరు రైతులు కేంద్రానికి వచ్చి, ఈ రకం మోసమని గట్టిగానే చెప్పారు. మర్నాడు పొద్దున వాళ్ళు తమ తమ చేల మీద తేలుతూ కనిపించారు. వాళ్ళు ఉద్యోగులు కాకపోయినా సంస్థ ఉదారంగా ఆలోచించి, ఆసరా విధానాన్ని వాళ్ళకూ వర్తింపజేసింది. లారీలో తాళ్ళు దిగాయి. అనుభవజ్ఞుడు కావడంతో, తాడు పట్టేవాళ్ళకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఓబులేసుకు అప్పగించారు.

అతను శ్రద్ధగా నేర్పాడు. అరచేయి కమలకుండా గుడ్డ ఎలా చుట్టుకోవాలో, గాలి మారినప్పుడు కాలు ఎక్కడ ఆనించాలో చూపించాడు. చివర్లో ఒక కొత్త ఉద్యోగిని లేచి, "వాళ్ళు పైనుంచి మన్ని ఏమన్నా అడిగితే ఏం చెప్పల్ల సార్?" అంది.

ఓబులేసు అరచేతి గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. హాలులో అందరూ రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

"గట్టిగా పట్టుకున్నామని చెప్పండమ్మా" అన్నాడు.