పదిహేడో నంబరు కప్పీ

నది వంతెనను ఎత్తుకుపోయిన వరద తరవాత రెండో డిసెంబరు అది. మంగళవారం పొద్దున ఏడింటికి, జిప్ లైన్ సామాన్ల కొట్టులో, డాన్ ఒనోఫ్రే కాఫీ గింజల బస్తా మీదికెక్కి నిలబడి ప్రకటించాడు.

"ఎవ్వరూ కదలొద్దు! ఈ కొండల్లో నా కళ్ళుగప్పిన నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఈపాటికి వాడు జైల్లో ఉండేవాడు!"

ఎవ్వరూ కదల్లేదు. బస్తా కదిలింది. డాన్ ఒనోఫ్రే దభీమని కిందపడ్డాడు. ఆ పడ్డవాడు పడ్డట్టే, కావాలని కూర్చున్నవాడిలా, భూతద్దం తీసి నేలను పరీక్షించడం మొదలుపెట్టాడు.

ఉక్కుతాళ్ళు చూసే అబెలార్డో లేవదీయబోయాడు.

"ముట్టుకోకండి, కొంపాద్రే! ఇక్కడేదో నల్లటి ఆధారం ఉంది."

"అది మీ టోపీ."

ఆ ఊళ్ళో పెద్దమనిషిని డాన్ అంటారు, పెద్దావిణ్ణి దొన్యా అంటారు. డాన్ ఒనోఫ్రే ఇరవయ్యారేళ్ళు కొండ బస్సులో టిక్కెట్లు కోశాడు. పింఛను రాగానే డిటెక్టివ్ అయ్యాడు. అబెలార్డో పెద్దకొడుక్కి జ్ఞానస్నానం చేయించింది ఆయనే కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు. కొంపాద్రేని తిట్టినా 'మీరు' అనే తిట్టాలి. ఆ మర్యాద అబెలార్డోకి చాలా కష్టం మీద అలవాటైంది. డాన్ ఒనోఫ్రే అప్పటిదాకా చేపట్టిన కేసులు రెండు. చర్చి ఫాదరుగారి కోడిపెట్ట మాయమైన కేసులో, వాసన పట్టడానికి వెంట తీసుకెళ్ళిన కుక్కే కోడిని తిన్నదని ఆరు రోజులకి తేలింది. రెండోది ఆయన సొంత కళ్ళజోడు పోయిన కేసు. అది ఇంకా విచారణలోనే ఉంది.

ఇప్పుడు పోయింది ఒక కప్పీ.

కొట్టు గోడకి ఇరవైనాలుగు మేకులు. మేకుకొక కప్పీ, కప్పీకొక పసుపు నంబరు. మనిషిని ఉక్కుతాడు మీద ఈ కొండ నుంచి ఆ కొండకి జార్చేది ఆ కప్పీయే కనక, పొద్దున లెక్కలో ఒక్క మేకు ఖాళీగా ఉన్నా టూరిస్టు మంచె ఎక్కడానికి వీల్లేదు. ఆ పొద్దున పదిహేడో మేకు ఖాళీగా ఉంది.

"నిన్న లెక్కల పుస్తకంలో ఆఖరి సంతకం నీది, మైకోల్," అన్నాడు యజమాని డాన్ గామాలియేల్. "పదింటికి రెండు బస్సుల జనం వస్తున్నారు. వాళ్ళొచ్చేలోపు ఆ మేకుకి కప్పీ ఉండాలి. లేదా నీ గ్లోవులు నాకిచ్చి ఇంటికి పో."

గైడు కుర్రాడు మైకోల్ భార్యకి నెలలు నిండాయి. "ఇరవైనాలుగూ లెక్కపెట్టే సంతకం చేశాను, డాన్ గామాలియేల్. మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు.

వాడు లెక్కపెట్టిన మాట నిజమే. ఆ తరవాత అరగంటకి తన తాళంచెవితో కొట్టు తీసి, పదిహేడో కప్పీని చొక్కాలో పెట్టుకుపోయింది అబెలార్డో. ఇరవయ్యేళ్ళుగా ఆ ఉక్కుతాళ్ళని తుడిచి, తడిమి, చూసుకునే మనిషి. రోజుకి పాతిక మాటలకి మించి మాట్లాడడు.

తీసుకెళ్ళింది తన కోసం కాదు, గామాలియేల్ తల్లి దొన్యా బెర్నార్దా కోసం. ఆవిడ చెల్లెలు సాలోమే నది అవతల ఉంటుంది, తుంటి విరిగి నడవలేదు. వంతెన ఉన్న రోజుల్లో అది పది నిమిషాల నడక. ఇప్పుడు చుట్టూ తిరిగి రెండు బస్సులు మారి ఐదు గంటలు. ఏడేళ్ళ వయసు నుంచీ అక్కచెల్లెళ్ళు ప్రతి డిసెంబరులో కలిసి కూర్చుని మొక్కజొన్న పిండి, మాంసం పెట్టి అరటాకుల్లో తమాలెలు చుట్టేవాళ్ళు. పోయిన డిసెంబరు ఎవరికి వాళ్ళు చుట్టుకున్నారు. రెండిళ్ళలోనూ ఎవరికీ సహించలేదు.

వరద రోజున దొన్యా బెర్నార్దా అవతలి ఒడ్డునే ఉంది. రెండు రోజులపాటు ఆవిడ బతికుందో లేదో కొడుక్కి తెలియలేదు. అప్పటినుంచీ నది దాటడం అనే మాటే ఇంట్లో ఎత్తనివ్వడు.

వరద పలకల్నీ దుంగల్నీ మోసుకుపోయింది గాని ఒక ఉక్కుతాడుని వదిలేసింది. అబెలార్డో దానికి కప్పీ తగిలించి, కప్పీకి పాలు పితికే పీట కట్టి, లాక్కోవడానికి మోకు ఇచ్చి రాత్రికి రాత్రే ఆవిణ్ణి దాటించాడు. "తెల్లారకముందే వచ్చేస్తాను. నా కొడుకుతో చెప్పనని నెగ్రీతా మాత మీద ఒట్టెయ్యి," అంది. వేశాడు. తెల్లారాక వెళ్ళి ఒడ్డున నిలబడి ఈల వేశాడు. కప్పీ, పీట, మోకు, ముసలావిడ అన్నీ అవతలే ఉన్నాయి. సాలోమే ఇంటి పొయ్యి పొగ మాత్రం బ్రహ్మాండంగా లేస్తోంది.

అబెలార్డో ఆలోచించాడు. ఆవిడ పేరు రాకూడదు, మైకోల్ ఉద్యోగం పోకూడదు. ఇక మిగిలింది తనే.

"గామాలియేల్, ఆ కప్పీ..." అని మొదలుపెట్టాడు.

"సాక్షులు వరసలో రావాలి!" అని డాన్ ఒనోఫ్రే మధ్యలో దూరాడు. "ముందు నేరం జరిగిన చోటు చూడాలి. ఆరు తాళ్ళూ ఒకటొకటిగా నేను దాటుతాను. ముందు నా కొంపాద్రే, వెనక అనుమానితుడు మైకోల్. వాకీటాకీ నా దగ్గరుంటుంది."

గామాలియేల్ అప్పటికే బస్సుల ఏర్పాట్లు చూడటానికి రెండో వాకీటాకీ పట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఒనోఫ్రే మొదటిదాన్ని ఛాతీ పట్టీ కింద దోపుకున్నాడు.

మొదటి మంచె మీద అబెలార్డో ఆ రోజుకి తన దగ్గరున్న మాటల్లో సగం ఖర్చుపెట్టాడు. "కాళ్ళు ముడవండి. గ్లోవు చెయ్యి కప్పీ వెనక. నేను చెయ్యి ఊపేదాకా తాడు నొక్కొద్దు. మధ్యలో నొక్కితే మధ్యలోనే ఆగిపోతారు."

"నాకు చెబుతున్నారా, కొంపాద్రే? కదిలే బస్సులో ఇరవయ్యారేళ్ళు నిలబడ్డవాణ్ణి!"

మొదటి తాడు మీద డాన్ ఒనోఫ్రే కళ్ళు మూసుకుని, ఉన్న దేవతలందర్నీ పిలిచి అవతల చేరాడు. "గాలి దిశను పరిశీలించాను," అన్నాడు.

రెండో మంచె మీద అబెలార్డో ఇక ఆగలేదు. "కప్పీ తీసింది నేనే."

డాన్ ఒనోఫ్రే కళ్ళు మెరిశాయి. "భేష్! నేరస్థుడి బుర్రలోకి దూరి వాడిలా మాట్లాడటం! నేను నేర్పకుండానే నేర్చుకున్నారే! ఇంకా దూరండి. తీసి ఎక్కడికి పట్టుకెళ్ళారు?"

"వంతెన దగ్గరికి."

ఆ ఊళ్ళో ఎవరికైనా ఆ జవాబు చాలు. అక్కడ దారి చెప్పేది లేని వాటిని బట్టే. పడిపోయిన అత్తిచెట్టు నుంచి నూరు బారలు, కాలిపోయిన సారాకొట్టు నుంచి ఎడమకి, అంటారు. వంతెన అంటే వంతెన ఉండిన చోటు. ఎవరూ రెండోసారి అడగరు. కాని డాన్ ఒనోఫ్రే ఆ పొద్దున మామూలు మనిషి కాదు, డిటెక్టివ్.

"జనం మాటలు వేరు, శాస్త్రం వేరు!" అని వేలెత్తాడు. "వంతెన ఇప్పుడెక్కడుంది? వరద దాని దుంగల్ని ఎక్కడ పడేసింది? ఫుట్‌బాల్ మైదానంలో! వాటితోనే గోల్ స్తంభాలు పాతారు. ఆ స్తంభాల మధ్య ప్రతి ఆదివారం నిలబడేది ఎవరు?"

వెనక నుంచి జారుకుంటూ అప్పుడే మంచె మీద కాలు పెట్టాడు మైకోల్. ఊరి జట్టుకి గోల్‌కీపర్.

"దొరికాడు!" అని డాన్ ఒనోఫ్రే వాకీటాకీ మీట నొక్కాడు.

మంచె మంచెకీ భూతద్దంతో పరీక్షలు చేసుకుంటూ నాలుగో మంచె చేరేసరికి జవాబొచ్చింది. మైదానంలో కప్పీ దొరకలేదు గాని, పదింటికి ఇంకో పావుగంటే ఉంది, మైకోల్ గ్లోవులు అబెలార్డో చేతికిచ్చి దిగిపొమ్మన్నాడు గామాలియేల్.

మైకోల్ ఒక్కొక్క వేలూ లాగి గ్లోవులు విప్పి అబెలార్డో చేతిలో పెట్టాడు. లోపల ఇంకా వెచ్చగా ఉన్నాయవి.

అబెలార్డో ఒళ్ళు మండింది. "తీసింది నేను! వీడు కాదు! నేను! విన్నారా?" కొండ అవతల నుంచి అదే మాట తిరిగొచ్చింది.

డాన్ ఒనోఫ్రే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "విన్నాను, కొంపాద్రే. ఈ కుర్రవాడి కోసం నేరాన్ని మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఎంత గొప్ప మనసు! కాని చట్టం ముందు మీ మనసు చెల్లదు."

"మీ బుర్ర నది పట్టుకుపోయిందా, కొంపాద్రే?" అన్నాడు అబెలార్డో, ఎంతో మర్యాదగా. తరవాత గ్లోవులు మైకోల్ వైపు చాచాడు. "వేసుకో. ఉద్యోగం పోయినా కొండ దిగాలి కదా."

ఐదో తాడు అన్నిటికన్నా పొడుగు. సరిగ్గా పాత వంతెన చోటు మీదుగా నది దాటి తిరిగి ఊరి వైపు ఒడ్డుకి వస్తుంది. అక్కడ నీటికి రెండు కొబ్బరిచెట్ల ఎత్తుకి దిగుతుంది. అబెలార్డో ముందు దాటి అవతల నిలబడ్డాడు. డాన్ ఒనోఫ్రే బయలుదేరాడు, సగం దూరం బాగానే వచ్చాడు. అక్కడ ఏం తోచిందో, తాడు మీద ఆధారాలు వెతకాలని భూతద్దం తీసి రెండో చేత్తో తాడు గట్టిగా నొక్కాడు.

ఆగిపోయాడు. కాసేపు ఊగాడు. భూతద్దం నదిలో పడింది. దానికోసం వంగేసరికి తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళాయి, ఛాతీ పట్టీ కింద వాకీటాకీ నలిగి, మాట్లాడే మీట నొక్కుకుని అలాగే ఇరుక్కుపోయింది.

సరిగ్గా అప్పుడు కింద, మిగిలిపోయిన వంతెన తాడు మీద, పాల పీట మీద కూర్చుని, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, మోకు లాక్కుంటూ దొన్యా బెర్నార్దా నది మధ్యకి వచ్చింది. తల పైకెత్తింది.

"ఎవరది? ఒనోఫ్రేనా?"

"విచారణలో ఉన్నాను, దొన్యా బెర్నార్దా!"

"తలకిందులుగానా?"

"కేసుని అన్ని వైపుల నుంచీ చూడటం నా పద్ధతి! మీరు దారిలో ఎక్కడైనా ఒక కప్పీ చూశారా? పసుపు అంకె, పదిహేడు?"

ఆవిడ నెత్తి మీదికి చూసింది. "ఇదా?"

డాన్ ఒనోఫ్రే చూశాడు. కళ్ళజోడు లేకపోవడం వల్ల ఆయనకి ముగ్గురు దొన్యా బెర్నార్దాలు కనిపించారు, ముగ్గురూ మసగ్గానే. "ఆడవాళ్ళు ఊహించి చెప్పకూడదమ్మా. మీరు ఏ దారిన వస్తున్నారు?"

"వంతెన దారిన."

"వంతెన ఫుట్‌బాల్ మైదానంలో ఉంది!"

"నీ తలకాయ ఎక్కడుందో అది చూసుకో ముందు! తెల్లారకముందే రావాల్సింది, సాలోమే వదల్లేదు. ఇంకో పది జతలు చుడదాం, అక్కా, అంది. ఒరేయ్, నా కొడుకు చెవిన మాత్రం వెయ్యకు. పాపం అబెలార్డో ఉద్యోగానికి తెగించి నాకోసం ఈ కప్పీ తెచ్చి కట్టాడు. నేనే వాడిచేత ఒట్టేయించాను. మా సాలోమే నన్ను చూసి ఎంత ఏడ్చిందో, నవ్విందో నీకు తెలీదు. ఇంకెన్ని డిసెంబర్లు ఉంటాం మేము?"

ఈ మాటలన్నీ, వెనక నది హోరుతో సహా, టిక్కెట్ల గది ముందు గామాలియేల్ చేతిలోని వాకీటాకీలో వినిపించాయి. అప్పుడే దిగిన రెండు బస్సుల జనం, ముక్క అర్థం కాకపోయినా, నోళ్ళు తెరుచుకుని విన్నారు.

అబెలార్డో మంచె మీద నుంచి కేకేశాడు. "మైకోల్! వెళ్ళి తీసుకురా!" ఉద్యోగం పోయిన మైకోల్ తాడు మీద జారుకుంటూ వెళ్ళి, డాన్ ఒనోఫ్రేని నిటారుగా తిప్పి, కాళ్ళతో నడుం చుట్టి బిగించి, చేతులతో తాడు లాక్కుంటూ ఒడ్డుకి చేర్చాడు. దారి పొడుగునా డాన్ ఒనోఫ్రే వాణ్ణి అరెస్టు చేస్తూనే ఉన్నాడు.

అందరూ ఒడ్డుకి దిగేసరికి గామాలియేల్ రొప్పుతూ వచ్చి నిలబడి ఉన్నాడు. తల్లి పీట మీద నుంచి దిగలేదు.

"అమ్మా, ఈ నది..." అని ఆగిపోయాడు.

"తెలుసు. రెండు రోజులు నువ్వు ఒడ్డున కూర్చుని ఏడ్చావట. అందుకే ఏడాదిన్నర నోరుమూసుకున్నాను." ఆవిడ బుట్టలోంచి జంటగా కట్టిన తమాలెలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉన్నాయి. "ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పరాయివాళ్ళందర్నీ రోజూ తాడు మీద దాటిస్తావు. నన్ను నా చెల్లెలి దగ్గరికి దాటించలేవా?"

గామాలియేల్ తమాలెలు పట్టుకుని చాలాసేపు ఆ ఉక్కుతాడుని చూశాడు. తరవాత అబెలార్డో వైపు తిరిగాడు.

"నాతో చెబితే ఏం పోయేది?"

"ఒట్టేశాను. కప్పీ తీసింది నేనేనని మాత్రం చెప్పాను. రెండుసార్లు."

"చెప్పారు! నేనే సాక్షిని!" అన్నాడు డాన్ ఒనోఫ్రే. అన్నాక, అన్నదేమిటో ఆయనకే తెలిసొచ్చి టోపీ సర్దుకున్నాడు. "అంటే, నేరస్థుణ్ణి మొదటి నుంచీ నా పక్కనే ఉంచుకున్నానన్నమాట. ఒక్క క్షణం కూడా తప్పించుకోనివ్వలేదు! కేసు ముగిసింది."

తరవాత బుట్టలోంచి ఒక తమాలె తీసుకుని పక్కకెళ్ళి తిన్నాడు.

పదీ ఇరవైకి పదిహేడో కప్పీ మేకు మీదికి వచ్చింది. బస్సుల జనం మంచెలెక్కారు. రెండో మంచె మీద వాళ్ళని అందుకున్నది మైకోల్. గామాలియేల్ వాడితో ఏమన్నాడో ఎవరూ వినలేదు గాని, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వాడి చేతిలో నాలుగు జతల తమాలెలున్నాయి.

మర్నాడు పొద్దున ఐదింటికి అబెలార్డో కొట్టు తెరిచాడు. లోపల బల్ల మీద కొత్త నడుం పట్టీలు, చిన్న సైజు హెల్మెట్ ఒకటి పెట్టి ఉన్నాయి. పక్కన గామాలియేల్ చేతిరాతతో 'అమ్మకి' అని చీటీ. అబెలార్డో పదిహేడో కప్పీని మేకు మీద నుంచి తీశాడు. చొక్కాలో పెట్టుకోలేదు. పుస్తకం తెరిచి, మూడో తరగతిలో ఆపేసిన చేత్తో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

'పదిహేడు. వంతెన దగ్గర.'