అత్తరు దూది

ఆ ఆదివారం పొద్దున జాన్ బాషా పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీయించుకోవాలి, రెండు కిలోల మాంసం తేవాలి, పదకొండింటికి చీమకుర్తి నుంచి వచ్చే మగపెళ్లివారిని కూర్చోబెట్టి కూతురు ఫిజా పెళ్లి మాట ఖాయం చేసుకోవాలి. ఇందులో పొరపాటుకు చోటెక్కడుందని ఎవరైనా అనుకోవచ్చు. జాన్ బాషాను ఎరిగినవాళ్లు మాత్రం అనుకోరు.

గుంటూరు శివారులో, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు పోయే రోడ్డు మీద అతనికి పరుపుల దుకాణం ఉంది. తాత తండ్రులు దూది ఏకిన ఇల్లు. నలభై ఏళ్లు సూది పట్టి పట్టి వేళ్ల కొసలు తోలులా మొద్దుబారిపోయాయి గనక అతను దూదిని చేత్తో చూడడు, చెంపతో చూస్తాడు. పింజ చెంపకు ఆనించి, కళ్లు మూసుకుని, అది ఏ ఊరి చేలో కాసిందో చెప్పేస్తాడు. పదిసార్లకు ఏడుసార్లు సరిగ్గానే చెబుతాడు. తక్కిన మూడుసార్లూ రైతు అబద్ధమాడుతున్నాడంటాడు.

ఇంటికొచ్చిన పెద్దమనుషులకు అత్తరులో ముంచిన దూది పింజ ఇవ్వడం జాన్ బాషావాళ్లలో మర్యాద. పుచ్చుకున్నవాళ్లు దాన్ని మణికట్టుకు, మెడకు రాసుకుని చెవి మడతలో పెట్టుకుంటారు. ఇంటినిండా దూదే ఉన్నా జాన్ బాషాకు ఏదీ నచ్చలేదు. ఒకదానిలో ఆకు నలుసు, ఇంకోదానిలో గింజ పొట్టు. పరుపులవాడింటి అత్తరు దూదిలో నలుసు కనపడితే ఇంకేమైనా ఉందా!

మాంసం సంచీ తగిలించుకుని మోపెడ్ మీద తిరిగి వస్తుంటే, కోల్డ్ స్టోరేజీ ముందు లారీ ఆగి ఉంది. కొత్తగా కడుతున్న గదుల కోసం సరుకు దింపుతున్నారు. ఒక బస్తా పిగిలి తెల్లటి మెత్తటి సరుకు బయటికి పొంగుతోంది. జాన్ బాషాకు మోపెడ్ తనంతట తనే ఆగినట్టనిపించింది. దింపేవాళ్లు చేతులకు గ్లవ్సులు, మూతికి మాస్కులు పెట్టుకుని ఉన్నారు. పత్తిని కూడా గ్లవ్సుతో పట్టుకునే రోజులొచ్చాయా అని నవ్వుకున్నాడు.

పక్కనే మేనేజరు అంకమ్మరావు నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఇరవై ఏళ్ల స్నేహం.

"ఏం సరుకయ్యా ఇది?"

"గోడల్లో కూరడానికి తెప్పించాం. ముట్టుకోమాక బాషా, అది..."

ముట్టుకోవద్దని పరుపులవాడికి చెప్పడమా! జాన్ బాషా గుప్పెడు లాగి, అప్పుడే గీయించుకున్న చెంపకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కూలీలు పని ఆపి నోరెళ్లబెట్టి చూశారు. వాళ్లు తన విద్యకు ముగ్ధులయ్యారనుకున్నాడు.

"పొడుగు పింజ. మన నల్లరేగడిది కాదు. ఎక్కడో చలిదేశంలో కాసింది. గింజ తీసినోడెవడో గానీ ఆడి చేతులకు దణ్ణం పెట్టాలి."

"ఒరేయ్ బాషా, అది పత్తి..."

"పత్తి గురించి నువ్వు నాకు చెప్పమాక. మిర్చి గురించి చెప్పు, వింటా."

అంకమ్మరావు మళ్లీ నోరు తెరిచేసరికి జాన్ బాషా ఆ గుప్పెడూ చొక్కా జేబులో కుక్కుకుని మోపెడ్ ఎక్కేశాడు.

ఇంటికొచ్చి దాన్ని ఫిజా చేతిలో పెట్టి చిన్న చిన్న పింజలు చుట్టమన్నాడు. భార్య మౌలాబీ వంగి చూసింది.

"ఇందులో ఒక్క నలుసు కూడా లేదేందండీ?"

"అదే మరి దాని గొప్ప."

చెంప చురచురలాడుతోంది. బార్బరు పాత బ్లేడు వాడాడని వాణ్ణి నాలుగు తిట్టి, స్నానం చేసి, పొద్దుటి చొక్కానే దులిపి తొడుక్కున్నాడు. ఫిజాకు ఆ చొక్కా ఇష్టం మరి.

పదకొండున్నరకు కారు వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి బుడాన్, తల్లి కరీమున్, మేనమామ సలీం, పెళ్లికొడుకు ముబీన్ దిగారు. బుడాన్ మాట నెమ్మది. ఆ లోటును సలీం తీరుస్తాడు. ముబీన్ గ్రానైట్ పలకల యూనిట్లో పనిచేస్తాడు. మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు గుండీలు కూడా పెట్టుకున్నాడు. ఎంత పద్ధతైన పిల్లాడో అని మౌలాబీ మురిసిపోయింది. ఫిజాకు అతను నచ్చి మూడు నెలలైంది. ఈ సంబంధం తప్పితే ఇంకోటి చూడొద్దని తల్లికి ముందే చెప్పేసింది కూడా.

జాన్ బాషా మగవాళ్లందరినీ మూడేసిసార్లు గుండెలకు హత్తుకున్నాడు. ఇంట్లోకి తీసుకెళ్లి, తానే కుట్టిన కొత్త పరుపుల మీద తెల్ల దుప్పట్లు పరిచిన చోట కూర్చోబెట్టాడు. అత్తరు పళ్లెం తనే పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగాడు. "దూది చూడండి బావగారూ, ఇట్టాంటిది జిల్లాలో దొరకదు" అన్నాడు. ఆ ఒక్క మాటా నిజమే. బుడాన్ మణికట్టుకు, మెడకు, గడ్డానికి రాసుకుని రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాడు. సలీం రెండోసారి అడిగి పుచ్చుకుని, మెడ వెనక నుంచి వీపుదాకా రాసుకున్నాడు.

పావుగంట ఎండలూ వానలూ, మిర్చి ధరలూ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. వియ్యంకుల ముందు ఒళ్లు గోక్కోవడం మర్యాద కాదని రెండు వైపులవాళ్లకూ తెలుసు. బుడాన్ గడ్డం సవరించుకోవడం మొదలుపెట్టి ఆపలేకపోతున్నాడు. కరీమున్ కొంగుతో మెడ తుడుచుకుంటోంది. జాన్ బాషాకు ఎడమవైపు ఛాతీ అంతా అగ్గి రాజుకుంది. ఫోను తీస్తున్నట్టు జేబులో చెయ్యి పెట్టి నాలుగు గీకులు గీకి, మళ్లీ పెట్టేస్తున్నాడు. శబ్దం తగ్గించి పెట్టిన ఆ ఫోను నిజంగానే మోగుతోందని అతను గమనించనేలేదు. సలీం గేదె రాటకు రుద్దుకున్నట్టు గోడకు వీపు రుద్దుతున్నాడు. ముబీన్ ఒక్కడే అలవాటైనవాడిలా నిబ్బరంగా కూర్చున్నాడు.

చివరికి సలీమే అనేశాడు. "బావా, ఈ పరుపులో నల్లులున్నాయేమో చూడు."

బావ చెవిలో అన్నాడే గానీ, అది వంటింటిదాకా వినపడింది.

"నా పరుపులోనా?" జాన్ బాషా లేచి నిలబడ్డాడు. పరుపులవాణ్ణి పట్టుకుని నల్లులనడమంటే హోటలువాణ్ణి పట్టుకుని చద్దన్నం అనడమే. మౌలాబీ "ఏవండీ, ఏవండీ" అంటూనే ఉంది. అతను దుకాణంలోకి పోయి పెద్ద కత్తెర తెచ్చి, దుప్పటి లాగేసి, పరుపును ఈ చివర నుంచి ఆ చివరదాకా కోసేశాడు. "ఏదీ, చూపించండి! ఒక్క నల్లిని చూపించండి!" అంటూ రెండు చేతులతో దూది ఎగదోశాడు. పైన ఫ్యాను అయిదు మీద తిరుగుతోంది. క్షణంలో గదంతా తెల్లబడింది. అత్తరు జిడ్డున్న మెడలకు, గడ్డాలకు, మౌలాబీ అప్పుడే మూత తీసిన బిర్యానీకి దూది అంటుకుంది. నల్లి మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

గెలిచినవాడికి ఉండే పెద్దరికంతో జాన్ బాషా కొబ్బరినూనె గిన్నె తెప్పించాడు. "వేడి చేసుంటది బావగారూ, చల్లగా ఉంటది" అంటూ మిగిలిన అత్తరు దూదినే నూనెలో ముంచి బుడాన్ మెడకు తనే అద్దాడు. సలీం వీపుకు గట్టిగా రుద్దాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో సలీంకు అప్పుడు తెలిసొచ్చింది.

కోసేసిన పరుపునూ, నూనె గిన్నె పట్టుకున్న వియ్యంకుణ్ణీ చూసి బుడాన్ ఇక ఉండలేకపోయాడు. తల వంచుకున్నాడు.

"తప్పు మాదే బావగారూ. మీకు చెప్పకుండా వచ్చాం. మావాడికి నెల రోజుల నుంచి ఒళ్లంతా ఇట్టాగే దురద, దద్దుర్లు. డాక్టరుకి చూపిస్తే ఊళ్లో తెలుస్తుందని, పిల్లనివ్వరని దాచాం. అది మాకంటుకుంది, ఇప్పుడు మీకూ అంటించాం."

కరీమున్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముబీన్ మణికట్టు గుండీలు తడుముకున్నాడు. మౌలాబీ తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగులూ ఆ కుర్రాడు చూశాడు.

నిజం చెప్పాలంటే, జాన్ బాషాకు మొదట హాయిగా అనిపించింది. తన పరుపుకు మచ్చ లేదు. ఎలాంటి మాట అనాలా, పెద్దమనసుతో క్షమించాలా, కోపంతో లేవాలా అని ఆలోచిస్తుండగా వంటింట్లోంచి ఫిజా పిలిచింది.

"నాన్నా, ఒక్కసారి లోపలికి రా."

వెళ్లాడు. ఫిజా వేళ్లు చాపి చూపించింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నేను వాళ్లెవర్నీ ముట్టుకోలేదు. నేను ముట్టుకుంది నువ్వు తెచ్చిన దూదిని. పత్తో కాదో అనుమానమొస్తే ఏం చెయ్యాలో చిన్నప్పుడు నువ్వే నేర్పావు కదా?"

స్టవ్ దగ్గర అట్లకాడ మీద ఒక పింజ పెట్టి అగ్గిపుల్ల గీసింది. అత్తరు భగ్గున మండి ఆరిపోయింది. పత్తయితే ఆ పాటికి బూడిదయ్యేది. పింజ కాస్త నల్లబడి, ఉన్నచోటే కూర్చుంది.

జాన్ బాషాకు గ్లవ్సులు గుర్తొచ్చాయి. మాస్కులు గుర్తొచ్చాయి. జేబులోంచి ఫోను తీస్తే అంకమ్మరావు ఏడుసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేశాడు.

"ఒరేయ్ బాషా! పొద్దున్నించీ చేస్తుంటే ఎత్తవేందిరా! అది గాజురా నాయనా. గాజు కరిగించి తీసిన పీచు. లోపలి చలి బయటికి పోకుండా గోడల్లో కూరతారు. ఒంటికి తగిలితే రుద్దమాక, చన్నీళ్లు పోసుకో, బట్టలు విడిగా ఉతికించు. ఇంతకీ ఏం చేశావు దాన్ని?"

"ఏం చెయ్యలేదు" అని పెట్టేశాడు.

అతనికి తల తీసేసినట్టయింది. నలభై ఏళ్లు చెంప చూపించి బతికినవాడు ఇప్పుడు ఆ చెంప ఎవరికి చూపించాలి? రేపు పొద్దుటికి ఈ రోడ్డు పొడుగునా ఇదే కథ. పరుపు కుట్టించుకునే ప్రతివాడూ "దూదేనా బాషా, గాజా?" అని అడుగుతాడు.

"చెప్తే నేనింక తలెత్తుకు తిరగలేనమ్మా."

"చెప్పకపోతే ఆ అబ్బాయి తిరగలేడు" అంది ఫిజా. ఆమె కళ్లలో నీళ్లు చూసి జాన్ బాషా తల తిప్పుకున్నాడు. తర్వాత అత్తరు పళ్లెం తీసుకుని ముందుగదిలోకి వెళ్లాడు. ఆ పది అడుగులూ వెయ్యడానికి అతనికి చాలా సేపు పట్టింది.

"బావగారూ, లేవకండి. మీవాడి తప్పు కాదు. నాది." పళ్లెం కింద పెట్టాడు. "మీ చెవిలో ఉంది దూది కాదు. గాజు పీచు. ముట్టుకోమాకని చెప్తున్నా వినకుండా నేనే తెచ్చా. నూనె రాసింది కూడా దాంతోనే. నలభై ఏళ్ల పరుపులవాణ్ణి, దూదికీ గాజుకీ తేడా తెలీలా. సిగ్గుతో చచ్చిపోతున్నా."

బుడాన్ మెల్లగా కుడిచెవిలోది తీశాడు. కాసేపటికి ఎడమచెవిలోదీ తీశాడు.

"చెవిలో గాజా?" అన్నాడు సలీం.

అప్పుడు ముబీన్ లేచాడు. పొద్దున్నుంచి అతను మాట్లాడింది లేదు. పళ్లెంలోని పింజ వంక చూసి అడిగాడు. "గాజు పీచా మామయ్యా? నెల కిందట నన్ను పలకల వెనక నెట్ అంటించే పనిలో వేశారు. రాయి పగలకుండా అంటిస్తారు. ఆ నెట్టూ గాజు దారంతోనే నేస్తారు. కత్తిరిస్తుంటే పొడి రేగుద్ది. గ్లవ్సులిచ్చారు, ఉక్కపోస్తుందని నేనే వేసుకోలేదు." మణికట్టు గుండీలు విప్పాడు. జాన్ బాషా కూడా చొక్కా గుండీలు విప్పాడు. కుర్రాడి చేతుల మీద దద్దుర్లూ, జాన్ బాషా ఛాతీ మీద దద్దుర్లూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"అంటే గజ్జి కాదంటావా?" అన్నాడు బుడాన్.

"సెలవు రోజు తగ్గిపోతుంటే అనుకోవాల్సింది నాన్నా. రేపు డాక్టరు దగ్గరికి పోదాం. ఇంక దాచేదేముంది?"

కరీమున్ ఏడుపులోంచి నవ్వులోకి వచ్చింది. మౌలాబీ తను వెనక్కి వేసిన రెండడుగులూ ముందుకు వేసి, "నన్నేమనుకోకు నాయనా" అంది. వంటింటి గుమ్మంలో ఫిజా ముఖం తుడుచుకుంది.

అంకమ్మరావు చెప్పినట్టే అందరూ వంతులవారీగా చన్నీళ్లు పోసుకున్నారు. కరీమున్‌కు మౌలాబీ చీర సరిపోయింది. మగవాళ్లకు లుంగీలు రెండే ఉన్నాయి. సలీంకు పరుపు కుట్టే చారల గుడ్డ చుట్టబెట్టారు. అందరూ బిర్యానీ ముందు కూర్చున్నాక సలీం ముద్దలోంచి తెల్లటి పింజ ఒకటి తీసి పైకెత్తాడు.

"ఇది పత్తేనా?"

జాన్ బాషా అలవాటుగా అందుకుని చెంపదాకా తెచ్చాడు. అందరూ చూస్తున్నారు. చెయ్యి దించి, దాన్ని ఫిజాకు ఇచ్చాడు. ఆమె అగ్గిపుల్ల గీసింది. పింజ కాలి బూడిదైంది. అప్పుడు గానీ సలీం ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి పెళ్లి మాట ఖాయం చేసుకుని కాగితం రాసుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. సలీం పట్టుబట్టి రాయించిన షరతు మాత్రం ఒకటుంది: పెళ్లినాడు అత్తరూ, దూదీ మగపెళ్లివారే తెచ్చుకుంటారు.