మంజులతకు లేని గొంతు నొప్పి

ఆ రోజు పొద్దున చాయ్ తాగుతూ లీలమ్మ ఒక ఏర్పాటు చెప్పింది, ఆమె భర్త వకీలు రఘుపతి తలూపాడు. నిజాం ఏలుబడి నాటి దేవరకొండలో వాళ్లకు తెలిసింది మగపిల్లల బడి ఒక్కటే. నల్లగొండ ఆడపిల్లల బడిలో హాస్టలు సీటు రావాలంటే పరీక్ష నెగ్గాలి. పరీక్ష పెట్టే అరుణమ్మ మూడు నెలల్లో ఊరికి వస్తుంది. అందాకా బడి పంతులు ఎల్లస్వామి రోజూ పొద్దున గంటసేపు ఇంటికి వచ్చి కూతురు మంజులతకు చదువు చెప్పాలి. రెండో తరగతిలోనే తన చదువు మాన్పించి పెళ్లి చేసిన సంగతి లీలమ్మ ఎవరితోనూ అనదు. కూతురికి పదకొండేళ్లు నిండిన నాటి నుంచి మాత్రం ఆమెకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

అత్తగారు భద్రమ్మ ఒక్క షరతు పెట్టింది. ఈడొస్తున్న పిల్ల పరాయి మగవాడి కంట పడకూడదు. అందుకని పశువుల కొట్టాన్ని ఆనుకొని ఉన్న గదికి తెర కట్టారు. పిల్ల లోపల, పంతులు వరండాలో. ఎల్లస్వామి మరీ మర్యాదస్తుడు. తెర ఉన్నా సరే, గోడవైపు తిరిగి చెప్పేవాడు. బాగా చెప్పేవాడు. ఆ అలసటను తరువాత బడిలో నలభై మంది పిల్లల ముందు కునుకు తీసి తీర్చుకునేవాడు.

మూడో రోజుకు మంజులతకు విసుగు పుట్టింది. పెరట్లో అవ్వ భద్రమ్మ గవ్వలాట పచ్చీసు పరచుకొని తోడు లేక కూర్చుని ఉంది. కొట్టంలో పేడ తీసే ఈదమ్మకు మంజులత ఈడుదే జానమ్మ అనే కూతురుంది. ఆ పిల్ల కొట్టం వైపు తలుపు సందులోంచి పాఠం వింటూ కనిపించింది.

"జర గీడ కూసొని ఊఁ అను. ఇప్పుడే వస్త," అని మంజులత వెళ్లింది. పాఠం అయిపోయే దాకా రాలేదు. మరునాడూ రాలేదు.

ఒక్కతే కూర్చోవడానికి జంకి జానమ్మ చెల్లెలిని తెచ్చుకుంది. చెల్లెలు పక్కింటి పిల్లను తెచ్చింది. నెల తిరిగేసరికి తెర వెనక ఏడుగురు. భద్రమ్మ చూడకపోలేదు. కొట్టం వాళ్లు గదిలోకి రావడమేమిటని అడగడానికి రెండుసార్లు లేచింది కూడా. రెండుసార్లూ తాను గెలిచే ఆట నడుస్తుండటంతో మళ్లీ కూర్చుంది. వంటింట్లో లీలమ్మ ఎక్కాలు వింటూ, పోపులో ఆవాలు మాడినా పట్టించుకోకుండా నవ్వుకునేది.

తిప్పలు ఎల్లస్వామికి వచ్చాయి. జవాబు ఒకరోజు సన్నగా వస్తుంది, ఒకరోజు బొంగురుగా వస్తుంది. ఆయన రఘుపతిని పక్కకు పిలిచాడు.

"బిడ్డ బుద్ధి మంచిది, వకీలు సాబ్. గొంతుకే నిలకడ లేదు. దవాఖానల చూపియ్యుండ్రి."

ఆ సాయంత్రమే మిరియాల కషాయం మొదలైంది. గొంతు బాగానే ఉందని మంజులత చెప్పబోయింది. మరి పొద్దున బొంగురుగా పలికింది ఎవరని అడుగుతారని గుర్తొచ్చి, తాగేసింది. కషాయానికి తగ్గలేదని పంతులు మళ్లీ చెప్పాడు. డాక్టరుకు గొంతులో ఏమీ కనిపించలేదు. ఆ మాట వకీలుతో అనలేక, మెడకు పట్టీ కట్టి పిల్లను మాట్లాడొద్దన్నాడు. ఇంట్లో మంజులత మూగనోము పట్టింది. తెర వెనక మాత్రం పద్నాలుగో ఎక్కం గడగడా వినిపిస్తూనే ఉంది. డాక్టరు వద్దన్నా చదువు ఆపని కూతురిని తలుచుకొని లీలమ్మ కళ్లు తుడుచుకుంది.

ఒకనాడు ఎల్లస్వామి రెండు లెక్కలు ఇస్తే, రెండు జవాబులూ ఒకేసారి రెండు మూలల నుంచి వచ్చాయి. ఆ రోజు ఆయన బడిలో కునుకు తీయలేదు. ఒకే క్షణంలో రెండు లెక్కలు చేసే పిల్ల సంగతి సాయంత్రానికి కోర్టు కచేరీ దాకా, వారానికి నల్లగొండ దాకా పాకింది. మూడో నెల నిండకముందే అరుణమ్మ బస్సు దిగింది.

వరండా నిండా జనం. ఎల్లస్వామి గోడవైపు తిరిగి లెక్క అడిగాడు, జవాబు వచ్చింది. పద్యం అడిగాడు, వచ్చింది. అరుణమ్మ లేచి, తెర జరిపి, లోపలికి నడిచింది. పరీక్ష పెట్టేది ఆడమనిషైతే ఆమెకు తెర అడ్డం కాదన్న సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

ఏడుగురు పిల్లలు లేచి నిలబడ్డారు.

"గీళ్లల్ల వకీలు సాబ్ బిడ్డ ఎవరమ్మా?"

ఏడుగురూ పెరటివైపు చూపించారు. మెడకు పట్టీతో, గుప్పిట్లో గవ్వలతో మంజులత వచ్చింది. ఏడెనిమిదులెంత అని అడిగితే, డాక్టరు మాట్లాడొద్దన్నాడని సైగ చేసింది.

లీలమ్మ వచ్చి కూతురి మెడ పట్టీ విప్పింది. రఘుపతి కొట్టం తలుపు దగ్గరున్న ఈదమ్మ మీదికి లేవబోతే ఎల్లస్వామి అడ్డం వచ్చాడు.

"బిడ్డ గొంతుకు ఏం గాలె, సాబ్. నా చెవులు గూడ మంచిగనే ఉన్నయి," అన్నాడు, ఎన్నాళ్లకో ఊపిరి పీల్చుకున్నట్టు.

అరుణమ్మ జానమ్మను ఇంకో పది ప్రశ్నలు అడిగి, కాగితం మీద పేరు రాసుకుంది.

"సీట్లు రెండున్నయి. ఒకటి గీ పిల్లది. రెండోది ఎండకాలం సెలవులు అయ్యేదాక ఆపుత. మీ బిడ్డను చదివిపియ్యుండ్రి, లీలమ్మా."

అంటే రెండు నెలలు. రోజూ రెండు గంటలు చెప్పమని రఘుపతి పంతులును బతిమాలాడు. ఎల్లస్వామి తల అడ్డంగా ఆడించాడు. తను చెబితే ఆ పిల్ల మళ్లీ పెరట్లోకే పోతుందట. ఇన్నాళ్లూ తను చెప్పిందాన్ని మిగతా ఆరుగురికీ విడమర్చి చెప్పినది జానమ్మేనని ఆ పిల్లలే చెప్పారట. ఆమెనే అడగమన్నాడు.

లీలమ్మే కొట్టంలోకి వెళ్లి ఈదమ్మను అడిగింది. ఈదమ్మ చేట పక్కన పెట్టింది.

"చెప్తది గని, అమ్మా, గా రెండు గంటలు కొట్టంల దాని పని ఎవలు జెయ్యాలె?"

లీలమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది.

సెలవులు అయ్యేసరికి మంజులత సీటు తెచ్చుకుంది. లీలమ్మ పేడ ఎత్తే తీరు కూడా మొదటికన్నా చాలా నయమని ఈదమ్మ ఒప్పుకుంది.