జిగురు పట్టేదాకా

ఆ ఉదయం వడ్రంగి అనుకున్నది పెద్ద పనేమీ కాదు. పొద్దున్నే బల్లకు జిగురు పెట్టి క్లాంపులు బిగిస్తే సాయంత్రానికి పట్టేస్తుంది. లైబ్రరీ మేడమ్ వచ్చి తీసుకెళుతుంది. బల్ల బాగుంటే కుర్చీల పనీ అతనికే. లేదంటే ఫ్యాక్టరీ సరుకు తెప్పించుకుంటానని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

చలి సంగతే మర్చిపోయాడు. షెడ్డుకు పైనా, చుట్టూ ఒట్టి రేకులే. లోపలికంటే బయటే నయం, కాస్త ఎండైనా తగులుతుంది. జిగురు పట్టడం మాట దేవుడెరుగు, ఇంకా పచ్చిగా పాలలా తెల్లగానే ఉంది. వడ్రంగి ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి బల్లమీంచి నేలదాకా కప్పాడు. కింద ఒక బల్బు వెలిగించి, అతుకులు చూద్దామని తనూ దూరాడు. ఆ వెచ్చదనానికి కునుకు పట్టేసింది. పాదాలు మాత్రం దుప్పటి బయటే ఉండిపోయాయి.

గుమ్మం దగ్గర అతని భార్య తన తమ్ముడికి ఫోన్ చేస్తోంది. "మొత్తం చల్లబడిపోయిందిరా. ఎంత చేసినా వేడెక్కట్లేదు. సాయంత్రం తీసుకెళ్ళడానికి వస్తారు. నువ్వు వెంటనే బయల్దేరు."

పక్క సెలూన్ బాబాయి చెవిన ఇంతవరకే పడింది. తొంగి చూస్తే దుప్పటి అంచున కదలని పాదాలు! "హీటర్ పట్టుకురా" అని ఆమె అనేసరికి ఆయన వీధి చివర ఉన్నాడు. ఫోన్ పెట్టేసి ఆమె కూడా తమ్ముడికి ఎదురెళ్ళింది.

వీధి వీధంతా షెడ్డులోకి వచ్చిపడింది. సగం గడ్డం గీయించుకున్నవాడు నురగతోనే వచ్చాడు. గాలి కొడుతోందని ఎవరో తలుపు మూశారు.

"బంగారంలాంటి మనిషి," అన్నాడు దర్జీ ముక్కు చీదుతూ. "నా కొట్టు తలుపు ఊడితే పిలవకుండానే వచ్చి బిగించాడు."

ఈ గోలకు వడ్రంగికి మెలకువ వచ్చింది. బతికుండగా ఒక్కరూ అనని మాటలు! ఇంకాస్త విందామని ఊపిరి బిగబట్టాడు.

"మనిషి మంచోడే," అన్నాడు సెలూన్ బాబాయి. "చెప్పిన రోజుకి ఒక్క పని ఇచ్చిన పాపాన పోలేదు గానీ."

"ఎవరు బాబాయ్ ఇవ్వనిది?" దుప్పట్లోంచి తల బయటికొచ్చింది.

కేకలతో రేకులు దద్దరిల్లాయి. భయం తీరాక తిట్లు, తిట్లు అయ్యాక నవ్వులు. "ఉన్నానని చెప్పొచ్చుగా!" అని బాబాయి అంటే, "పొగుడుతుంటే అడ్డం రావడం మర్యాదా?" అని వడ్రంగి. చెప్పిందే మళ్ళీ చెప్పుకుంటూ ఒక్కరూ కదల్లేదు. తమ్ముడితో వచ్చి తలుపు తీసిన భార్య ముఖానికి వేడి ఆవిరి కొట్టింది. లోపల అందరికీ చెమటలు!

సాయంత్రం మేడమ్ వచ్చేసరికి వడ్రంగి క్లాంపులు విప్పాడు. అతుకు వెంట్రుకైనా దూరనంతగా పట్టేసింది. బాబాయి, దర్జీ పైకెక్కి గెంతినా బల్ల కిర్రుమనలేదు.

మేడమ్ జనాన్ని కలయజూసింది. "ఇంతమంది పనివాళ్ళు ఉన్నారా మీ దగ్గర? అయితే కుర్చీలూ మీరే చేయండి."

వడ్రంగి భార్య వైపు గర్వంగా చూశాడు. ఆమె తమ్ముడు హీటర్ను డబ్బాలోనే ఉంచి వెనక్కి తీసుకెళ్ళాడు.

బల్ల ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం, బయట చలిగా ఉందని ఇంకా కూర్చునే ఉన్నారు.