ఉదయ్ భాస్కర్ అనే పదిహేడు మంది ఆడపిల్లలు

"ఈ దినం నుంచి మన డివిజన్ల పుట్టే ప్రతి ఆడపిల్లకు మగపేరే పెట్టాలె!" అని కార్పొరేటర్ ఉదయ్ భాస్కర్ గారు పద్మారావు నగర్ ఫంక్షన్ హాల్లో ప్రకటించగానే, ముందు వరసలో కూర్చున్న అమ్మిరాజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ప్రకటన ఏమిటో ఆయనకు చప్పట్లయ్యాక అర్థమైంది.

"లత అంట, వల్లి అంట! ఏదో ఓ గుంజకు అల్లుకునుడేనా ఆడపిల్ల బతుకు? నరసింహ అని పెట్టుండ్రి, భీమసేన అని పెట్టుండ్రి. ఎవడు అడ్డమొస్తడో నేను జూస్త!"

ఎవరూ అడ్డం రాలేదు. అంత ధైర్యం గల నాయకుడు ఆయన.

మహిళా సాధికారత మీద వారంలోగా ఏదో ఒకటి చేసి ఫొటోలు పంపమని పార్టీ ఆఫీసు కార్పొరేటర్లందరికీ చెప్పింది. మిగతా వాళ్ళు బుర్రకు పని పెట్టకుండా కుట్టుమిషన్లు పంచారు. మిషన్ పాడైతే జనం మళ్ళీ ఫోన్ చేస్తారు. పేరు పాడవదు. ఇంత దూరాలోచన ఇంకెవరికుంటుందని అమ్మిరాజు మనస్ఫూర్తిగా మురిసిపోయాడు. మురిసిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తణుకు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుకుంటున్న ఆయన, పన్నెండేళ్ళుగా కార్పొరేటర్ గారి మీటింగులన్నిటికీ పులిహోర మోస్తున్నాడు. ఈసారి డివిజన్ మహిళలకు రిజర్వ్ అయితే టికెట్ మీ ఇంటికే, సీతారత్నం వదినకే అని కార్పొరేటర్ గారు మాటిచ్చారు. సీతారత్నం అంటే అమ్మిరాజు భార్య. ఆవిడ అప్పుడే ప్రమాణ స్వీకారానికి చీర కూడా అనుకుంది.

మీటింగయ్యాక పీఏ ఫరూఖ్ తల గోక్కున్నాడు. "సార్, లాంచింగ్‌కు ఒక బేబీ గావాలె. అర్జెంటు."

"మా ఇంట్లో ఉందన్నా, మా మనవరాలు! ఎల్లుండే బారసాల!" అనేశాడు అమ్మిరాజు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఎందుకంటే ఆ పిల్లకు పేరు ముందే ఖాయమైంది. అనసూయ. అమ్మిరాజు తల్లి అనసూయమ్మ పేరు. కర్రీ పాయింట్‌లో గుత్తివంకాయ దగ్గర్నుంచి గోంగూర దాకా ప్రతి కూరా ఆవిడ నేర్పిందే. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, మన రాధికకు ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టరా అని అడిగింది. పెడతానమ్మా అన్నాడు, ఏడుస్తూ.

"నాయనమ్మకు మాటిచ్చింది నువ్వే కదా నాన్నా!" అంది రాధిక, ఒళ్ళో పిల్లతో.

"పేరుదేముందమ్మా, కాయితాల్లో ఒకటి ఉంటుంది. ఇంట్లో మనకు నచ్చినట్టు పిలుచుకుందాం. ఇది ఉద్యమం."

"సిగ్గులేదూ?" అంది రాధిక. ఉంది. కానీ టికెట్ కూడా ఉంది.

బారసాలకు కార్పొరేటర్ గారు రెండు కెమెరాలతో, గంట ఆలస్యంగా దయచేశారు. ఆయన వేసిన పేర్ల కమిటీ 'పరశురామ్' అని ఖరారు చేసింది. పళ్ళెంలో బియ్యం సమంగా పరిచి ఉంది. పిల్ల తండ్రి పీట మీద కూర్చుని, పేరు రాయడానికి బంగారు ఉంగరం చేతిలోకి తీసుకున్నాడు.

"జెర జరుగు తమ్మీ," అని కార్పొరేటర్ గారు ఆ పీట మీద కూర్చుని ఉంగరం అందుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ ప్రజాజీవితంలో ఆయన చెయ్యి కింద ఖాళీ జాగా కనిపించి, సంతకం పడకుండా పోయింది లేదు. బియ్యాన్నీ అలాగే చూశారు. ఉంగరంతో 'ఉదయ్ భాస్కర్' అని గీకి, కింద రెండు గీతలు, ఒక చుక్క పెట్టి, తేదీ కూడా వేశారు.

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "బియ్యంలో రాసిందే పేరండి. చెరపకూడదు."

"చెరుపుడెందుకు? మంచిగనే ఉంది గద!"

కెమెరాలు క్లిక్‌మన్నాయి. అమ్మిరాజు మనవరాలు ఉదయ్ భాస్కర్ అయిపోయింది. ఒక పిల్లకు సాక్షాత్తూ నాయకుడి పేరు దక్కితే, రెండో పిల్ల తల్లి పరశురాముడితో ఎందుకు సరిపెట్టుకుంటుంది? రెండు నెలల్లో డివిజన్‌లో పదిహేడు మంది ఉదయ్ భాస్కర్‌లు తయారయ్యారు. అందరూ ఆడపిల్లలే.

టీకాల రోజున నర్సు హజీరా తలుపు దగ్గర నిలబడి, "ఉదయ్ భాస్కర్!" అని పిలిచింది. పదకొండు మంది తల్లులు లేచారు.

"యా అల్లా! ఏ ఉదయ్ భాస్కర్? విరేచనాల ఉదయ్ భాస్కరా, గజ్జి ఉదయ్ భాస్కరా?"

"మాది పాలు కక్కే ఉదయ్ భాస్కర్ అండీ," అంది రాధిక.

"లోపలికి తీస్కరా అమ్మా. డైపర్ మార్చినవా? పొద్దటి నుంచి నలుగురు ఉదయ్ భాస్కర్‌లు నా మీదనే పోసిన్రు."

ఇంటికొచ్చి రాధిక తండ్రితో మాట్లాడటం మానేసింది. గదిలో తలుపేసుకుని పిల్లను అనసూయా అని పిలుచుకుంటుంటే, బయట అమ్మిరాజు చెవి ఒగ్గి వినేవాడు. కళ్ళు తుడుచుకుని పులిహోర కలపడానికి పోయేవాడు.

చివరికి రిజర్వేషన్ల జాబితా వచ్చింది. డివిజన్ మహిళలకే! అమ్మిరాజు కాజాల డబ్బా పట్టుకుని మారేడ్‌పల్లిలో కార్పొరేటర్ గారింటికి పరుగెత్తాడు.

"క్యాండిడేట్ ఫైనల్ అయింది, అమ్మిరాజన్నా," అన్నారు కార్పొరేటర్ గారు, కాజా కొరుకుతూ. "ఉదయ్ భాస్కర్."

"అన్నా... ఇది లేడీస్ సీటు కదండీ?"

"లేడీసే. నా భార్య, మీ వదిన ఝాన్సీలక్ష్మి. పేరు మార్పించిన. కాయితాలన్నీ అయిపోయినయ్. మన స్కీముల పెద్దోళ్ళల్ల ఫస్ట్ లబ్ధిదారు ఆమెనే. జనానికి తెల్సింది నా పేరు, కొత్త పేరెందుకు అలవాటు చేసుడు? పరేషాన్!"

ఫరూఖ్ అందుకున్నాడు. "ఇంగో తక్లీఫ్ ఉంది రాజుగారూ. అపోజిషనోళ్ళు అదే పేరుతోని ఇంకొకర్ని నిలబెట్టి ఓట్లు చీలుస్తరు. అందుకే డివిజన్ల ఆ పేరు ఇంకెవ్వరికీ ఉండొద్దు. ఆ పదిహేడు మంది పేర్లు రేపటికల్లా వాపస్."

"పసిపిల్లలు ఎన్నికల్లో ఎలా నిలబడతారండీ? వాళ్ళకింకా కూర్చోవడమే రాలేదు."

"రిస్క్ ఎందుకు?" అన్నారు కార్పొరేటర్ గారు.

అమ్మిరాజుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టికెట్ పోతే పోయింది వెధవది. అమ్మ పేరు తిరిగొచ్చింది! "చాలా సంతోషం అన్నా. మా పిల్లకు అనసూయ అని పెట్టేసుకుంటాం."

"అనసూయ ఎవరు? ఓటర్ లిస్టుల ఉన్నదా?"

"లేదన్నా. మా అమ్మండీ. పోయింది."

"పోయింది గద, ఇంగేంది! ఝాన్సీలక్ష్మి అని పెట్టుండ్రి. మీ వదిన పేరు ఇప్పుడు ఖాళీగనే ఉన్నది. పదిహేడు మందికీ అదే. రేపు పొద్దుగాల్నే ప్రోగ్రాం, పులిహోర షురూ చెయ్యి."

కాదనాలని అమ్మిరాజు నోరు తెరిచాడు. పన్నెండేళ్ళుగా ఆ నోటికి అలవాటైన మాటే బయటికొచ్చింది.

"అట్లాగే అన్నా."

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. రాధిక మొహం ఎలా చూడాలో తెలియలేదు. వరండాలో కార్పొరేటర్ గారి భార్య నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"అన్నా," అంది మెల్లగా, "అది మా అమ్మమ్మ పెట్టిన పేరు. పిల్లను జెర మంచిగ పిలువుండ్రి."

లోపల్నుంచి కేక వినిపించింది. "ఓ ఉదయ్ భాస్కర్! చాయ్ ఏమాయె?"

ఆమె కదలలేదు. కేక రెండోసారి వినిపించేదాకా అది తననేనని ఆమెకు తట్టలేదు. అప్పుడు "వస్తున్న" అని లోపలికి వెళ్ళింది.