పదివేల ఏళ్ళ ముఖం

పాతిపెట్టిన వస్తువు లేని వస్తువుతో సమానమని ప్రభుత్వం తీర్మానించిన రోజున శుభ్రత అంటే ఏమిటో మానవజాతికి మొదటిసారి తెలిసింది. అంతవరకు జనం చెత్తను ఊడ్చి ఎత్తుకుంటూ కాలం వృథా చేసేవారు.

ఆ తీర్మానం అమలుకే లోతు శాఖ పుట్టింది. అణు విద్యుత్తు తయారయ్యాక మిగిలిన మడ్డిని ఇనుప పీపాల్లో బిగించి, ఊరి వెనక కొండకు సొరంగం తవ్వి, అడుగున పేర్చి, సిమెంటు పోసి, పైన తోట వేశారు. తోటలో కూర్చోడానికి బల్లలు వేశారు. (కూర్చోరాదని బోర్డూ పెట్టారు.) పీపాలకు పదివేల ఏళ్ళ గ్యారంటీ ఇచ్చారు. సంతకాలు పెట్టిన పెద్దలంతా ఆ ఏడాదే రిటైరయ్యారు.

కొండ కింది వీధిలో ఒక తాళాల మేస్త్రి ఉన్నాడు. వీధి ఆయనకు పెట్టిన పేరు చేదుమాత్ర. భార్య బతికున్న రోజుల్లోనూ ఆయన ముఖం చిటపటలాడేది గానీ, అప్పుడప్పుడు సెలవు తీసుకునేది. ఆవిడ పోయాక సెలవులు రద్దయ్యాయి. ఇంట్లో ఆయనా, బస్సు డిపోలో పనిచేసే కూతురూ, నాలుగేళ్ళ మనవరాలూ. మనవరాలిని చిట్టెలుక అంటారు. ఆయన ముఖం చూసి నవ్వే ప్రాణి భూమ్మీద అదొక్కటే.

ఆ చలికాలం పెరటి బావిలో నీళ్ళు వేడెక్కాయి.

"నీళ్ళు కాచావా నాన్నా?" అంది కూతురు, బకెట్లో చెయ్యి పెట్టి.

"నేను కాదు. బావే కాచింది."

"పోనీలే, గ్యాసు కలిసొస్తుంది."

"కప్పలు వెళ్ళిపోయాయే."

"గోల వదిలింది."

వీధి వీధంతా బకెట్లు పట్టుకుని దిగింది. "పెట్టి పుట్టావయ్యా మేస్త్రీ!" అన్నాడు ఎదురింటి దర్జీ, రెండో బకెట్ నింపుకుంటూ. బావి గట్టున నాచు ఎండి పెచ్చులుగా లేచింది. వానపాములు మట్టిలోంచి పైకొచ్చి ఎండలో పడి చచ్చాయి. వాటిని ఎవరూ మెచ్చుకోలేదు. చిట్టెలుక మాత్రం రోజూ తన తగరపు గ్లాసుతో ఆ నీళ్ళే తాగుతోంది. మేస్త్రికి పట్టుకున్న భయం అదొక్కటే.

ఆయన తనకు చేతనైన పని చేశాడు. బావికి మూత పెట్టి తాళం వేశాడు. మర్నాడే లోతు శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి తాళం కోయించాడు.

"బావి నాది. నీళ్ళు నావి," అన్నాడు మేస్త్రి.

"కాదన్నామా? నీళ్ళు మీవే. వేడి మాది. శాఖ ఆస్తికి తాళం వెయ్యకూడదు పెద్దాయనా."

ఇంటికి కుళాయి కావాలంటే బావి పనికిరాదని తేలాలి. తేలాలంటే నీళ్ళు పరీక్ష చెయ్యాలి. ఆ పరీక్ష చేసే అధికారం లోతు శాఖకే ఉంది. మేస్త్రి చెప్పులు తొడుక్కుని శాఖ కార్యాలయానికి వెళ్ళాడు. అది భవనం చిట్టచివరి అంతస్తులో ఉంది. (కింది అంతస్తుల్లో కూర్చోడానికి సిబ్బంది ఒప్పుకోలేదు.)

"ఏం కావాలి బాబాయ్?" అంది ఫిర్యాదుల గుమాస్తా.

"నీళ్ళు పరీక్ష చెయ్యాలమ్మా. బావిలో వేడిగా వస్తున్నాయి."

"లోకమంతా చన్నీళ్ళని ఏడుస్తుంటే మీరు వేణ్ణీళ్ళని వచ్చారా?"

"కొండలో మీ పీపాలు కారుతున్నట్టున్నాయి. కప్పలు కూడా పారిపోయాయి."

"కప్పలొచ్చి చెప్పుకుంటే తీసుకుంటాం. మీరెందుకు వాటి తరఫున? చూడండి బాబాయ్, పీపాలకి పదివేల ఏళ్ళ గ్యారంటీ ఉంది. గ్యారంటీ ఉండగా అవి కారవు. కారినా అది కారడం కింద రాదు."

"గ్యారంటీ అయిపోయాక?"

"అయిపోయాక మమ్మల్ని అడగడానికి లేదు. వెళ్ళి కూర్చోండి, పిలుస్తాం."

మేస్త్రి హాల్లో కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆయన ముఖం వంక ఓసారి చూసి, లేచి, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కాసేపటికి ఆ వరసంతా ఖాళీ అయింది. అటుగా టీ కప్పుతో వస్తున్న భావికాల హెచ్చరికల అధికారి చప్పున ఆగిపోయాడు.

ఆ అధికారి కష్టం చిన్నది కాదు. పదివేల ఏళ్ళ తర్వాత పుట్టబోయే మనుషులు కొండను తవ్వకుండా హెచ్చరిక పెట్టాలి. అప్పటికి ఏ భాష ఉంటుందో తెలియదు. పుర్రె బొమ్మ వేద్దామంటే ఎముకల ఆసుపత్రి అనుకుంటారని ఒక నిపుణుడు అడ్డుపడ్డాడు. ముళ్ళకంచె వేద్దామంటే లోపలేదో దాచారని తవ్వుతారన్నాడు మరొకడు. ఏ కాలం మనిషైనా చూడగానే వెనక్కి తిరగాల్సిన గుర్తు కోసం శాఖ దేశాలన్నీ తిరిగింది. (కుటుంబాలతో సహా.)

"అయ్యా, కదలకండి! ఆ ముఖం అలాగే ఉంచండి," అన్నాడు అధికారి.

"నా ముఖం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది."

"ఎంత అదృష్టం!"

"నీళ్ళు పరీక్ష చేస్తారా?"

"అయ్యో, తప్పకుండా. ముందు ఫొటో."

మనవరాలి కోసం మేస్త్రి ఒప్పుకున్నాడు. ఫొటో తీసేటప్పుడు ఇంకాస్త కోపంగా చూడమన్నారు. ఆ అవసరం లేకపోయింది.

తర్వాత శాస్త్రీయ ప్రయోగాలు జరిగాయి. ఫొటోను క్యాంటీన్‌లో బిస్కెట్ల పళ్ళెం పక్కన పెట్టారు, పళ్ళెం సాయంత్రం దాకా నిండుగానే ఉంది. లిఫ్టులో పెట్టారు, సిబ్బంది మెట్లెక్కి ఒళ్ళు తగ్గారు. డైరెక్టరు గది తలుపుకి పెడితే ఆయన భార్య కూడా బయటినుంచే ఫోన్‌లో మాట్లాడి వెళ్ళిపోయింది. ఆ ఫొటోను అక్కణ్ణుంచి తీయవద్దని డైరెక్టరు స్వయంగా ఉత్తర్వు ఇచ్చాడు. ముఖం ఏకగ్రీవంగా నెగ్గింది. నిలువెత్తు రాళ్ళమీద చెక్కించి కొండ చుట్టూ పాతారు.

ఒక రాయిని లారీలో తెచ్చి మేస్త్రి బావి పక్కన దింపారు.

"ఇదేంటి? పరీక్ష అన్నారు?" అన్నాడు మేస్త్రి.

"హెచ్చరిక ఉన్నచోట పరీక్ష అక్కర్లేదండీ. రూలు," అన్నాడు అధికారి.

"హెచ్చరిక లేనిచోట?"

"ప్రమాదమే లేదు కదా, పరీక్ష దేనికి?"

"అయితే ఈ బావిలో ప్రమాదం ఉన్నట్టా?"

"అబ్బే, లేదు. హెచ్చరిక ఉంది."

"కుళాయో?"

"ప్రమాదం లేని బావి పెరట్లో పెట్టుకుని కుళాయెందుకండీ?"

ఆవిష్కరణకు డైరెక్టరు వచ్చాడు. వీధంతా పెరట్లో చేరింది. రాతి మీది గుడ్డ లాగగానే జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. దర్జీ బకెట్ వదిలేశాడు. అధికారుల వెంట వచ్చిన కుక్క గేటు దూకింది. "చూశారా!" అన్నాడు డైరెక్టరు, కళ్ళు చెమర్చగా. "ఏ యుగంలోనైనా, ఏ జాతి మనిషైనా, దీని దగ్గరికి రాడు."

అప్పుడు ఇంట్లోంచి చిట్టెలుక గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"తాతా! పెద్ద తాతా!"

రాతిని రెండు చేతులతో వాటేసుకుంది. అందినంత మేర ముద్దులు పెట్టింది. తాతకు దాహమేస్తుందని గట్టున ఉన్న బకెట్లో గ్లాసు ముంచి రాతి నోటికి పట్టింది. తాత తాగలేదని మిగిలింది తను తాగేసింది. మళ్ళీ ముంచింది.

"వద్దే! తాగకే, నా తల్లీ!" అని మేస్త్రి జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. ఆ క్షణాన ఆయన ముఖం చూసిన ఫొటోగ్రాఫరు, ఇంతకు ముందు తీసినదానికన్నా ఇదే బాగుందని అధికారి చెవిలో చెప్పాడు. చిట్టెలుక మాత్రం ఆ ముఖం చూసి కిలకిల నవ్వి, గ్లాసు ఖాళీ చేసింది.

శాఖ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. వెంటనే విచారణ సంఘం వేసింది. ఆ ముఖాన్ని చూసి దగ్గరికి వెళ్ళేవారు ఇంకెవరైనా ఉన్నారా అని వీధి వీధంతా అడిగారు. ఎవరూ లేరన్నారు. కూతురిని కూడా అడిగారు. ఆలోచించి చెబుతానంది.

నివేదిక చివరి వాక్యం ఇది: "హెచ్చరిక అన్నివిధాలా విజయవంతమైనది, మేస్త్రిని ప్రేమించేవారికి మాత్రం వర్తించదు, అట్టివారి సంఖ్య ఒకటే కాబట్టి, నష్టం అనుమతించదగిన పరిమితిలోనే ఉన్నది."