నడుములోతు నీళ్ళలో చిత్రన్న

చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే ఏకాంబరానికి విమానమంటే వణుకు. ఆ సంగతి పెళ్ళాం పంకజాక్షికి ఈనాటికీ తెలియనివ్వలేదు. ఆమెకేమో అండమాన్ దీవులు చూడాలని కోరిక. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే ఆమెనూ, అత్త సుబ్బులమ్మనూ కారెక్కించి పులికాట్ సరస్సుకు బయలుదేరాడు. దీవి దీవికీ పడవలో తిప్పితే అండమాన్ మాట మరిచిపోతుందని ఎత్తుగడ. సుబ్బులమ్మ అన్నంలో నిమ్మకాయ పిండి చిత్రాన్నం కలిపి, మూతగిన్నెలో బిగించి ఒళ్ళో పెట్టుకుంది.

"నీళ్ళు యాడైనా నీళ్ళే పంకజా. దాని కోసరం ఆకాశంలో ఎగిరి పోవాల్నా?"

"సూస్తాం కదా. బాగలేకుంటే మాత్రం విమానం టికెట్లు తీయాల్సిందే."

మొదటి దీవిలో గవ్వలేరుకున్నారు. రెండో దీవిలో గులాబీ రెక్కల కొంగల్ని చూశారు. పంకజాక్షి మొహం విప్పారింది. మూడో దీవి దగ్గర పడుతుండగా గాలి విసురుకు పడవ ఒరిగింది. సుబ్బులమ్మ ఒళ్ళోని గిన్నె బుడుంగున నీళ్ళలో పడింది.

"అయ్యో, చిత్రన్నం పాయె! గోవిందా!" అని ఆమె గుండెలు బాదుకుంది.

పడవలో మిగిలినవాళ్ళంతా తిరుపతి వాళ్ళు. ఆ మాట చెవిన పడితే నోరు ఊరుకుంటుందా? "గోవిందా, గోవింద!" అని ముక్తకంఠంతో అందుకున్నారు.

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలర్లకు గాలిలో సగమే వినిపించింది. ఎవరో చిత్రన్న నీళ్ళపాలైనాడు, చుట్టాలు అప్పుడే పాడె మోసేటప్పటిలా గోవింద కొడుతున్నారు! ఆడా మగా పడవలెక్కి దూసుకొచ్చారు. మగవాళ్ళు దభీమని దూకి, నడుములోతు నీళ్ళలో నిలబడ్డారు.

"ఇంత తక్కువ నీళ్ళలో మనిషెట్ల మునిగినాడబ్బా?"

"తాగుంటాడు," అని తేల్చేశాడు వాళ్ళ పెద్ద మునెయ్య. సుబ్బులమ్మ వైపు తిరిగి, "చిత్రన్న ఎట్లుంటాడమ్మా?" అని అరిచాడు.

ఇంజను మోతలో ఆమెకూ సగమే వినిపించింది. "బంగారట్ల పచ్చంగా ఉండె నాయనా! తెల్లార్తానే లేచి, ఈ చేతుల్తో నేనే..." మిగతా మాటకు ఏడుపు అడ్డం పడింది.

"పాపం, చేతులారా పెంచుకునిందంట," అని మునెయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

చంద్రకాంతమ్మ అనే జాలరామె పంకజాక్షిని వాటేసుకుని, "నీకెంత కష్టమొచ్చె తల్లీ!" అని శోకం ఎత్తుకుంది. పక్కనున్న ఏకాంబరాన్ని చూసి, "ఈయనెవురు?" అంది.

"మా ఆయన."

చంద్రకాంతమ్మ చటుక్కున చేతులు వదిలేసింది. "చిత్రన్న ఇంకా తేలనే లేదు, అప్పుడే ఇంగొగడా!"

అంతలో ఒక జాలరి గిన్నె పైకెత్తాడు. "మనిషి దొరకలా. గిన్నె మాత్రం దొరికె."

"అదే నాయనా, నా చిత్రన్నం!" సుబ్బులమ్మ గిన్నె లాక్కుని మూత తీసింది. నిమ్మకాయ వాసన గుప్పుమంది.

జాలర్లు పడవ చుట్టూ మూగారు. ఏకాంబరం కళ్ళు మూసుకున్నాడు. ఇక అండమాన్ ఖాయం.

మునెయ్య గిన్నెలోకి తొంగి చూశాడు. "చిత్రన్నా, నిన్ను తాగుబోతంటిమి. ఏమనుకోవద్దప్పా," అన్నాడు.

జాలర్లు నీళ్ళలోనే విరగబడి నవ్వారు. అందరినీ దీవికి తీసుకుపోయి రొయ్యల వేపుడు చేసి పెట్టారు. చిత్రన్నను తలా పిడికెడు పంచుకున్నారు. పంకజాక్షికి నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. తిరుగు పడవలో ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది. ఎత్తు పారిందని ఏకాంబరం రొమ్ము విరుచుకున్నాడు.

"దీవులంటే ఇంత మజా ఉంటాదని తెలీదయ్యా! బెత్తెడు దీవిలోనే ఇట్లుంటే అండమాన్‌లో ఇంకెట్లుంటాదో! రేపే టికెట్లు తీ."

"గోవిందా," అన్నాడు ఏకాంబరం నీరసంగా.

ఈసారి కాపాడటానికి ఒక్క పడవా రాలేదు.